అజయ్ వంతు

జూలై 6, ఆదివారం

ఈ డైరీ జనవరిలో స్కూల్లో టీచర్లందరికీ ఇచ్చారు. ఇన్నాళ్ళూ బీరువాలో పడుంది. ఇవాళ తీశాను. ఎవరితోనూ అనలేనివి ఎక్కడో ఒకచోట దించుకోవాలి.

సాయంత్రం ఐదింటికి ఆయన ఫోన్ మోగింది. ప్రతి ఆదివారం మోగుతుంది. "ఆదివారం జాజ్" అని వాళ్ళ గ్రూపు, వీడియో కాల్. కట్ చేశాను. కాసేపటికి మెసేజ్ వచ్చింది. "అజయన్నా, ఈ వారం కూడా రాలేదేంటి? మీ వంతు వదిలేసి మేం వాయించుకున్నాం." రేపల్లె నుంచి ప్రణీత్ అనే కుర్రాడు.

"కొంచెం పనిలో ఉన్నాను, వచ్చే వారం కలుద్దాం" అని కొట్టి పంపేశాను. ఆయన పేరు మీదే వెళ్ళింది.

ఆయన మంచం మీద కూర్చుని నన్నే చూస్తున్నారు.

జూలై 8

పక్షవాతం. ఇదిగో, రాశాను.

జూన్‌లో ఒక పొద్దున కాలేజీ లైబ్రరీకి బయల్దేరుతూ, చెప్పులేసుకోబోయి గుమ్మంలో పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట. గుంటూరు ఆసుపత్రి నుంచి బాపట్ల వచ్చేసరికి కాలు కొంచెం దారికొచ్చింది. చేతికర్రతో ఇంట్లో నడుస్తున్నారు. చెయ్యి రాలేదు. మాటల్లో ఒక్కటి మిగిలింది. నిజంగా ఒక్కటే.

తెనాలి.

మంచినీళ్ళు కావాలన్నా తెనాలి. ఫ్యాను తగ్గించమన్నా తెనాలి. వాళ్ళమ్మని పిలిచినా తెనాలే. మనం అన్నది ఆయనకి అర్థమవుతుందట, లోపల అన్నీ ఉన్నాయట, నోటి దాకా వచ్చేసరికి ఆ ఒక్కటే దొర్లుకుంటూ వస్తుందట. "ఎందుకండీ తెనాలి?" అని డాక్టరుగారిని అడిగాను. "కారణం ఉండదమ్మా. ఒక్కొక్కరికి ఒక్కో మాట మిగిలిపోతుంది. నా దగ్గరికి వచ్చే ఒకాయనకి 'మంగళవారం' మిగిలింది" అన్నారు.

అత్తమ్మ ఒప్పుకోదు. "తెనాల్లో వాడికేదో పని మిగిలిపోయింది, దేవుడు గుర్తు చేస్తన్నాడు" అంటుంది.

క్రిస్మస్‌కల్లా మామూలు మనిషవుతారు. ఆయన వయసు నలభై ఆరే కదా.

జూలై 13, ఆదివారం

ఇవాళ కట్ చేయబోయి, వేలు తగిలి ఎత్తేశాను. తెర మీద ఇద్దరు. గిటారు ఒళ్ళో పెట్టుకున్న కుర్రాడు, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకున్న పెద్దాయన.

"నమస్తే అక్కా, అన్న లేడా?"

ఉన్నారు అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పానో నాకే తెలీదు. చెప్పేశాను. కుర్రాడు ఒళ్ళో గిటారు తీసి పక్కన పెట్టేశాడు.

పెద్దాయన గొంతు సవరించుకుని, "వందనాలమ్మా. నేను బర్నబాస్‌ని. రైల్వేలో చేసి రిటైరయ్యాను. ఉండేది తెనాలి" అన్నారు.

వెనక మంచం మీంచి ఈయన, "తెనాలి!" అని అరిచారు, ఎంత సంతోషంగానో. వంటింట్లోంచి అత్తమ్మ పరిగెత్తుకొచ్చింది. "చూశావా లిడియా, నేను చెప్పలా?" అంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఫోన్ పెట్టేసే ముందు అడిగాను. "ఆయన వచ్చేదాకా ఆయన చోటు ఎవరికీ ఇవ్వకండి."

"ఇవ్వం తల్లీ," అన్నారు బర్నబాస్ గారు. "కానీ మనిషి కూర్చోని కుర్చీకి దుమ్ము పడద్ది. నువ్వొచ్చి కూర్చో."

"నాకు గిటారు రాదండీ."

"మాకు మాత్రం వచ్చేంటమ్మా? నేర్చుకుంటున్నాం."

జూలై 14

సంచీ లోంచి గిటారు తీశాను. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు.

సంచీలో పెట్టేశాను.

జూలై 16

మళ్ళీ తీశాను. ఆయన కోసమే. ఆయన తిరిగి వచ్చేదాకా ఎవరో ఒకరు చోటు కాయాలి. అంతే. దీనికి పెద్దగా ఆలోచించాల్సింది లేదు.

జూలై 20, ఆదివారం

మొదటిసారి గ్రూపులో కూర్చున్నాను. గుర్తుండటానికి రాసుకుంటున్నాను.

వీళ్ళకి గురువంటూ ఎవరూ లేరు. ఇంటర్నెట్‌లో పాఠాలు చూసి వారమంతా ఎవరింట్లో వాళ్ళు సాధన చేసి, ఆదివారం ఒకరికొకరు వినిపించుకుంటారు. ముగ్గురూ కలిసి వాయిద్దామంటే కుదరదు. ఒకరి శబ్దం ఇంకొకరికి అర క్షణం ఆలస్యంగా చేరి తాళం తప్పిపోతుంది. అందుకని వంతులు. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్ళు మైకు ఆపుకుని వింటారు.

"జాజ్ అంటే ఏంటండీ అసలు? ఆయన వాయిస్తుంటే కీర్తన మర్చిపోయారేమో అనుకునేదాన్ని" అన్నాను.

బర్నబాస్ గారు నవ్వారు. "పాట ఒక ఇల్లు అనుకో అమ్మా. గోడలూ గుమ్మాలూ కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒక్కసారే మోగించడం. అవి మారవు. ఆ ఇంట్లో నీ ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చు. రాసి పెట్టుకున్నది వాయించకూడదు. అప్పటికప్పుడు, ఏది తోస్తే అది."

నేను తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్తాను. అప్పటికప్పుడు తోచింది చెయ్యడం మా ఇంటావంటా లేదు.

నా వంతు వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆయన నేర్పిన మూడు కార్డ్స్ గుర్తున్నాయి. అవే మార్చి మార్చి కొట్టాను. వేళ్ళు మండిపోయాయి.

"బావుందక్కా," అన్నాడు ప్రణీత్. అబద్ధం. మంచి పిల్లాడు.

బర్నబాస్ గారు పని ఇచ్చారు. "ఈ వారం ఒక్క స్వరమే వాయించు. రెండోది ముట్టుకోవద్దు. ఆ ఒక్కదాన్నే ఎన్ని రకాలుగా అనొచ్చో చూసుకో. చిన్నగా, గట్టిగా, తొందరగా, ఆగి ఆగి."

ఒక్క స్వరంతో ఏం చేస్తాం?

జూలై 27, ఆదివారం

చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక కాసేపు ఒక్క స్వరం వాయించాను. అత్తమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది.

ఆగస్టు 5

వేళ్ళ చివర్లు కాయలు కాస్తున్నాయి. క్లాసులో ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుంటే తెలుస్తోంది.

ఫిజియోథెరపీకి వచ్చే మనోజ్, భుజం దాకా కదలిక వచ్చింది మేడమ్ అన్నాడు. భుజం వచ్చిందంటే వేళ్ళు ఎంతసేపు.

ఆగస్టు 10, ఆదివారం

ఇది రాయకుండా ఉండలేను.

పొద్దున కాఫీ ఇచ్చాను. చక్కెర మర్చిపోయాను. ఆయన ఒక గుక్క తాగి, "తెనాలి?" అన్నారు, చివర పైకి ఎత్తి. డబ్బా తెచ్చేసరికి, "తెనాలి తెనాలి" అని కిందికి దించి, మెత్తగా. అది థాంక్స్. అప్పుడే అత్తమ్మ మిక్సీ వేసింది. "తె-నా-లీ!" మూడు ముక్కలు చేసి, ఒక్కోదాన్నీ నేలకేసి కొట్టినట్టు.

చేతిలో చెంచాతో అలాగే నిలబడిపోయాను.

ఈయన మూడు వారాలుగా నేను చేతకాక ఏడుస్తున్న పనే చేస్తున్నారు. ఒక్కటే మాట. ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దించాలి, ఎక్కడ ఆపాలి. నేను మాట విని ఊరుకుంటున్నానే తప్ప రాగం వినట్లేదు.

సాయంత్రం నా వంతులో కళ్ళు మూసుకుని, ఆ ఒక్క స్వరం మీదే కాఫీ అడిగాను, థాంక్స్ చెప్పాను, మిక్సీ మీద కోప్పడ్డాను. వాయించడం అయ్యాక బర్నబాస్ గారు మైకు తెరిచారు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు బర్నబాస్ గారు.

మంచం వైపు చూశాను. ఆయన కిటికీ లోంచి బయటికి చూస్తున్నారు. వినలేదనుకుంటా.

ఆగస్టు 24, ఆదివారం

రెండో స్వరం ఇచ్చారు. మూడోది కూడా అడిగి తీసుకున్నాను. బర్నబాస్ గారు "తొందరెందుకమ్మా" అన్నారు. తొందర నాకు కాదు. క్రిస్మస్ నాటికి ఆయన కూర్చుంటే ఎక్కడా వెనకబడకూడదు.

సెప్టెంబరు 7, ఆదివారం

ఆయనకి టైంటేబుల్ వేశాను. పొద్దున మనోజ్ చెప్పిన వ్యాయామం. తర్వాత బొమ్మల అట్టలు, గ్లాసు, కుర్చీ, పిల్లి. నేను పేరు అంటే ఆయన అనాలి. స్కూలు నుంచి వచ్చాక మళ్ళీ అట్టలు. టీ అయ్యాక గిటారు వినడం. అట్టలు చూపించి చూపించి నాకు గొంతు పోతోంది. పిల్లి బొమ్మ చూపిస్తే "తెనాలి" అంటారు, విసుగ్గా. ఆ రాగం ఇప్పుడు నాకు బాగా తెలుసు. తెలియనట్టు ఇంకో అట్ట తీస్తాను.

పిల్లలకైనా అంతే. మొదట్లో మొరాయిస్తారు.

సెప్టెంబరు 21, ఆదివారం

రెండో మాట వచ్చింది.

సెప్టెంబరు 22

నిన్న పూర్తిగా రాయలేదు.

చర్చి నుంచి రాగానే గిటారు ఆయన ఒళ్ళో పెట్టాను. కుడి చేతి వేళ్ళ మధ్య మీటే బిళ్ళ ఉంచి, జారిపోకుండా మెత్తటి గుడ్డతో కట్టాను. వాడుతుంటేనే చెయ్యి వస్తుంది కదా. చెయ్యి పట్టుకుని తీగల మీద నేనే ఆడించాను. "చూడండి, వస్తోంది, ఇంకొంచెం, ఏదీ, ఇంకొక్కసారి" అంటూనే ఉన్నాను. ఆయన మొహం చూడలేదు.

"వద్దు."

స్పష్టంగా. ఎప్పటి ఆయన గొంతే.

వంటింట్లోంచి అత్తమ్మ "స్తోత్రం! స్తోత్రం ప్రభువా!" అంటూ వచ్చి కొడుకు తల నిమిరి ఏడ్చేసింది. నేను కట్టు విప్పాను. గుడ్డ అంచు మణికట్టు మీద ఎర్రగా అచ్చు పడింది. గిటారు తీసి గోడకి ఆనించి, పెరట్లోకి వెళ్ళి, తడిసిన బట్టలు ఆరేసి ఉన్నా మళ్ళీ తీసి పిండాను.

మూడు నెలల పైన ఎదురుచూశాను రెండో మాట కోసం. వచ్చింది. నాకే వచ్చింది.

సెప్టెంబరు 23

మనోజ్‌కి ఫోన్ చేసి చెప్పాను, కొత్త మాట వచ్చిందని. చాలా మంచి మార్పు మేడమ్ అన్నాడు. ఏం మాట అని అడగలేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

గ్రూపుకి వెళ్ళలేదు. తలనొప్పి.

అక్టోబరు 5, ఆదివారం

తలనొప్పి.

అక్టోబరు 9

వద్దు అన్నది గిటారునా, నన్నా?

అత్తమ్మని అడిగాను. కూర తరుగుతూ అంది: "వాడు చిన్నప్పుడు సైకిల్ నేర్చుకునేటప్పుడు వెనక పట్టుకుంటే దిగిపోయేవాడమ్మాయ్. పడితే పడతా గాని పట్టుకోవద్దనేవాడు. మీ మావయ్య రెండు దెబ్బలేశాడు కూడా."

అట్టలు బీరువాలో పెట్టేశాను. ఆయన చూశారు.

అక్టోబరు 12, ఆదివారం

ప్రణీత్ ఒక రికార్డింగ్ పంపాడు. "అక్కా, మీరు రావట్లేదుగా, మీకూ అన్నకీ పంపుతున్నా. వెనక కార్డ్స్ బర్నబాస్ అంకుల్‌వి. మధ్యలో నాలుగు బార్లు ఖాళీ వదిలాం. అవి అన్నవి. ఊరికే వినండి చాలు." నాలుగు బార్లంటే ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని నాలుగుసార్లు లెక్కపెట్టేంత చోటు.

ఫోన్ ఆయన పక్కన పెట్టి, బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. ప్రణీత్ వాయించాడు, చెరువు గట్టు మీద పరిగెత్తుతున్నట్టు. తర్వాత ఖాళీ వచ్చింది. వెనక కార్డ్స్ మాత్రం నడుస్తున్నాయి.

దుప్పటి మీద ఆయన ఎడమ చెయ్యి కదిలింది.

ఊరికే కదలడం కాదు. నాలుగు వేళ్ళూ వంచి, నొక్కి, ఎత్తి, జరిపి, మళ్ళీ నొక్కారు. గిటారు మెడ మీద కదిలినట్టే. ఖాళీ అయిపోగానే చెయ్యి ఆగింది. తన వంతు అయిపోయింది కదా.

నేను చొక్కా మడతపెట్టడం ఆపలేదు. చూశానని తెలిస్తే ఆపేస్తారేమోనని భయం.

ఆ ఎడమ చెయ్యికి ఏమీ కాలేదు. మొదటి రోజు నుంచీ బాగానే ఉంది. నేను కుడి చేతినే చూస్తూ కూర్చున్నాను.

అక్టోబరు 19, ఆదివారం

ఆ రికార్డింగ్ ఆయనే అడిగి పెట్టించుకుంటున్నారు. రోజూ. నేను వంటింట్లోంచి వింటాను.

గ్రూపులోకి మళ్ళీ వెళ్ళాను. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

అక్టోబరు 29

తుఫాను. నిన్నటి నుంచి స్కూళ్ళకి సెలవు. కరెంటు లేదు, ఫోన్‌లో చార్జింగ్ లేదు. రాత్రంతా వేపకొమ్మలు రేకుల మీద కొట్టుకున్నాయి. పొద్దుటికి గాలి తగ్గింది, వాన ఉంది. అత్తమ్మ కిటికీ దగ్గర వెలుతురులో బైబిల్ చదువుకుంటోంది.

ఆయన "తెనాలి" అన్నారు. అది నేను ఇంతవరకూ వినని రాగం. తిరిగి చూస్తే గోడకి ఆనించిన గిటారు చూపిస్తున్నారు.

నేను లేవలేదు. "కావాలా?" అన్నాను. మళ్ళీ చూపించారు.

తెచ్చి పట్టీ మెడలో వేశాను. కుడి చెయ్యి ఒళ్ళో అలాగే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఎడమ చెయ్యి గిటారు మెడ మీదకి వెళ్ళింది. నేను ఎప్పటికీ పట్టలేని ఎఫ్ కార్డ్ పట్టింది, గుమ్మం గొళ్ళెం తీసినంత తేలిగ్గా. పట్టి, ఆగారు. శబ్దం లేదు. మీటేవాళ్ళు లేరు.

ఆయన నా వైపు చూశారు.

వెళ్ళి ఆయన కుడిపక్కన కూర్చున్నాను. ఎడమ చెయ్యి ఆయన వీపు వెనక వేసి, కుడి చెయ్యి చాపి తీగల మీద పెట్టాను. మీటాను.

జూన్ తర్వాత ఇంట్లో మొదటిసారి ఆయన శబ్దం.

మొదట్లో అంతా రభస. నేను మీటేసరికి ఆయన ఇంకో కార్డ్‌కి వెళ్ళిపోతున్నారు, తీగలు కీచుమంటున్నాయి. "ఎక్కడికి వెళ్తున్నారో ముందే చెప్పొచ్చు కదండీ!" అన్నాను విసుగ్గా. అనేశాక నాలిక కరుచుకున్నాను. ఆయన నవ్వారు. సగం మూతితో, పగలబడి. నేనూ నవ్వాను, ఆపుకోలేకపోయాను.

తర్వాత కనిపెట్టాను. కార్డ్ మార్చే ముందు ఆయన ఎడమ భుజం కొంచెం లేస్తుంది. దానికి నా చెయ్యి తగులుతూనే ఉంది కదా. భుజం లేస్తే ఆగుతాను, దిగితే మీటుతాను. ఎక్కడికి వెళ్తారో తెలీదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. కాసేపటికి ఆయన కావాలనే నన్ను తప్పించాలని అడ్డదిడ్డంగా వెళ్ళారు. నేను దొరకలేదు.

అత్తమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి, "పెళ్ళైన కొత్తలో కూడా మీరింత దగ్గర కూచోలేదర్రా" అని మళ్ళీ బైబిల్లోకి తల దించుకుంది.

నవంబరు 2, ఆదివారం

కరెంటు వచ్చింది. వీడియో పెట్టి ఇద్దరం కలిసి గ్రూపులో కూర్చున్నాం. అలా ఎందుకు కూర్చున్నామో వాళ్ళకి మొదట అర్థం కాలేదు. వాయించాం. ప్రణీత్ "అన్నా! అన్నా!" అని తప్ప ఇంకేమీ అనలేకపోయాడు. బర్నబాస్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నారు.

"ఇక ఈ ఫోన్లు చాలు," అన్నారు ఆఖరికి. "ఏడాదిన్నర నుంచి నేర్చుకుంటున్నాం, ముగ్గురం ఒక్కసారి కలిసి వాయించిన పాపాన పోలా. ఎక్కడో చోట కలుద్దాం."

ప్రణీత్ వాళ్ళమ్మ కనకదుర్గ గారు తెరలోకి తల పెట్టి, "మా ఇంటికి రండి. వచ్చే నెల రెండో శనివారం అయితే అమ్మాయికి స్కూలుండదు. రొయ్యలు తింటారా అండీ?" అని అడిగారు.

"తెనాలి," అన్నారు ఈయన మర్యాదగా.

"తింటారండి," అన్నాను నేను.

నవంబరు 14

గుంటూరు వెళ్ళి డాక్టరుగారికి చూపించి వచ్చాం. కొత్తగా ఏమీ చెప్పలేదు.

నవంబరు 15

చెప్పారు. మాట ఇంకొంచెం ఇంకొంచెం వస్తుందమ్మా, మునుపటిలా అని నేను అనలేను. చెయ్యి మీద ఆశ పెట్టుకోవద్దు. కాలు ఇంకా మెరుగవుతుంది. తేదీలు మాత్రం పెట్టుకోకు, నువ్వే కుంగిపోతావు, అన్నారు. ఆయన పక్కనే కూర్చుని విన్నారు. అంతా అర్థమవుతుంది కదా ఆయనకి.

బయటికి వచ్చాక, ఆటో ఎక్కే ముందు, నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన చేతికర్ర చంకలో ఇరికించుకుని నా చెయ్యి పట్టుకున్నారు. ఆయనకి ఇది కొత్త వార్త కాదు. జూన్ నుంచీ తెలుసు. తెలియనిది నాకే. నాకు చెప్పడానికి ఆయన దగ్గర ఉన్నవి తెనాలి, ఒక్క వద్దు, అంతే మరి.

వెనక్కి తిప్పి జూలై పేజీలో క్రిస్మస్ అన్న వాక్యం కొట్టేశాను.

నవంబరు 30, ఆదివారం

రేపల్లె కోసం సాధన. ఇద్దరం రోజూ. ఎఫ్ శ్రుతిలో బ్లూస్ అనే పాట వరస. చిన్న ఇల్లు, పన్నెండు బార్లు, తిరిగి తిరిగి గుమ్మం దగ్గరికే వస్తాం.

అప్పుడప్పుడు సెలవు రోజుల్లో, ఆయన పడుకున్నాక మధ్యాహ్నం పూట నేనొక్కదాన్నే తీసి వాయించుకుంటున్నాను. ఆయన చోటు కాయడానికే. వేళ్ళు మర్చిపోకుండా.

డిసెంబరు 14, ఆదివారం

నిన్నటి సంగతి.

బస్సు చెరుకుపల్లి మీదుగా వెళ్ళింది. దారంతా కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు. పడిపోయిన తర్వాత ఆయన బస్సెక్కడం ఇదే మొదలు. కండక్టరు చెయ్యందించబోతే తల అడ్డంగా ఊపి, కమ్మీ పట్టుకుని తనే ఎక్కారు. నేను వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎంత కష్టమో.

బర్నబాస్ గారు రైల్లో వచ్చి మా కన్నా ముందే కూర్చుని ఉన్నారు. తెరలో చూసి పొడుగు మనిషి అనుకున్నాను. నా భుజం దాకా వస్తారు. ఆయన్ని చూడగానే ఈయన రెండు అడుగులు గబగబా వేసి, ఒంటి చేత్తో కావలించుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు. కనకదుర్గ గారు, "ముందు భోజనాలు చెయ్యండి నాయనా, తర్వాత ఏడుద్దురుగాని" అన్నారు. రొయ్యల ఇగురు, గోంగూర పచ్చడి, గడ్డ పెరుగు. ఆయన మారు వడ్డించుకున్నారు, ఎడమ చేత్తో, చొక్కా మీద పోసుకుంటూ. ఎవరూ చూడనట్టే తిన్నారు.

తర్వాత వసారాలో కూర్చున్నాం. బర్నబాస్ గారు కార్డ్స్ మొదలుపెట్టారు. ప్రణీత్ అందుకున్నాడు. ఫోన్‌లో ఇన్నాళ్ళూ విన్న మనుషులేనా! శబ్దం నేల లోంచి కాళ్ళలోకి వచ్చింది. ఆలస్యం లేదు, ఎదురుచూపు లేదు. ఒకరు వాయిస్తుంటేనే ఇంకొకరు జవాబు చెప్తున్నారు. ఈయన తలాడిస్తున్నారు. మేమిద్దరం ఒక చుట్టు వాయించాం, ఆయన భుజం, నా చెయ్యి. బాగా కుదిరింది.

"ఇప్పుడు అజయ్ వంతు. సోలో," అన్నారు బర్నబాస్ గారు, కార్డ్స్ ఆపకుండా.

నేను భుజం కోసం చూస్తున్నాను. లేవలేదు. ఆయన ఎడమ చేత్తో పట్టీ తల మీంచి తీసి, గిటారు నా ఒళ్ళోకి నెట్టారు.

"ఏంటండీ? మీ వంతు," అన్నాను.

"తెనాలి." నా వైపు వేలు చూపించారు.

"నాది కాదు. నేను మీ బదులు..."

"తెనాలి." ఈసారి కిందికి, బరువుగా. వాదించకు అని. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో, నేను ఎన్నిసార్లు వినలేదో.

కార్డ్స్ తిరుగుతూనే ఉన్నాయి. బర్నబాస్ గారు నన్ను చూడటం లేదు, ప్రణీత్ నేల చూస్తున్నాడు. ఎవరూ నన్ను తప్పించరని అర్థమైంది.

ఒక్క స్వరం వాయించాను. కాసేపు దాని మీదే ఉన్నాను. తర్వాత పక్కదాని మీదకి వెళ్ళాను. భయం వేసి వెనక్కి వచ్చాను. ఒకచోట పూర్తిగా తప్పు పడింది, పళ్ళు జివ్వుమనేలా. ఆయన "హా!" అని నవ్వారు. ఆ నవ్వు తాళంలో పడింది. దాని మీంచే మళ్ళీ ఎక్కాను. ఏం వాయించానో చెప్పలేను, రాసి పెట్టుకున్నది కాదు కదా. పెరట్లో బట్టలు పిండిన రోజు అందులో ఉంది. బస్సు దగ్గర ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడటం ఉంది. మధ్యాహ్నాలు ఎవరి కోసమూ కాకుండా, నాకు బావుంటుందని గిటారు తీసిన సంగతి కూడా ఉంది. అది నేను ఈ డైరీలో కూడా ఒప్పుకోలేదు.

పన్నెండు బార్లు అయిపోయాయి. ఆపబోయాను. ఆయన వేలు గుండ్రంగా తిప్పారు, ఇంకొక చుట్టు అని.

తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు, నేను ఆయన కుడిపక్కన. ఎండ ఇంకా ఉంది. కుప్పల మీద కొంగలు వాలి ఉన్నాయి. ఆయన కళ్ళు మూసుకున్నారు, అలిసిపోయి. నాకు ఆ తప్పు పడిన చోటు వదల్లేదు. ఏ స్వరం వాయించి ఉండాల్సింది? ఆయన కుడి చెయ్యి నా పక్కనే ఒళ్ళో పడి ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా దాన్నే గిటారు మెడ అనుకుని, ఎడమ చేతి వేళ్ళతో మెల్లగా నొక్కుతూ వెతుక్కుంటున్నాను. ఇక్కడ నుంచి ఇక్కడికి. తర్వాత ఇక్కడికి. ఆ చేతికి స్పర్శ అంతంత మాత్రమే, నిద్ర చెడదనుకున్నాను.

ఆయన కళ్ళు తెరవలేదు. ఎడమ చెయ్యి మాత్రం ఒడి మీంచి ఇటు వచ్చింది. నా ఉంగరం వేలు పట్టుకుని, ఒక్క మెట్టు కిందికి జరిపి, అక్కడ గట్టిగా నొక్కింది.